డ్రైవర్ వేశాక సిస్టం ఆన్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టకుండా దాన్నొక్కదాన్నే తీసేసే పద్ధతి

"అన్నా, సిస్టం లోగో కాడే నిలబడిపోయింది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలంటున్నారు." అనంతపురంలో కంప్యూటర్ల పని చేసేవాళ్లకు బాగా అలవాటైన ఫోన్ కాల్ ఇది. ఏం మార్చినావు అని అడిగితే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: "ఏం మార్చలేదన్నా." ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే అసలు సంగతి బయటికొస్తుంది. నిన్న కొత్త వేలిముద్రల మిషన్ తగిలించి ఉంటారు. లేదా పాత ప్రింటర్‌కు డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్) ఎక్కడో దొరికితే వేసి ఉంటారు. లేదా ఉన్న యాంటీవైరస్ మీదే ఇంకో యాంటీవైరస్ ఎక్కించి ఉంటారు.

ఫార్మాట్ కొడితే సిస్టం లేస్తుంది, అది నిజమే. దాంతోపాటు డెస్క్‌టాప్ మీది ఫైళ్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, పదేళ్లుగా అమర్చుకున్నవన్నీ పోతాయి. తప్పు చేసింది ఒక్క డ్రైవరైతే దాన్నొక్కదాన్నే తీస్తే చాలు. మామూలు ప్రోగ్రాం చెడితే అదొక్కటే మూసుకుంటుంది. డ్రైవర్ అలా కాదు. అది విండోస్ గుండెకాయలోనే నడుస్తుంది కాబట్టి, చెడితే మొత్తాన్ని ఆపేస్తుంది.

ఇది విండోస్ 10, 11 వాడేవాళ్ల కోసం. మ్యాక్ గురించి చివర్లో కొంచెం చెప్పాను. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టే పలుకుతూ రాశాను, టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే.

## 1. ముందు ఇది డ్రైవర్ గోలేనా అని తేల్చుకోండి

డ్రైవర్ అని నమ్మి రెండు గంటలు కుస్తీ పట్టాక ర్యామ్ వదులైందని తెలిస్తే ఏడుపొస్తుంది. అందుకే మొదటి పది నిమిషాలు ఇక్కడ పెట్టండి.

- స్క్రీన్ మీద అసలేమీ రావట్లేదా, బీప్ శబ్దాలు వస్తున్నాయా? ఇది డ్రైవర్ కాదు. ర్యామ్, డిస్‌ప్లే, పవర్ సప్లై చూడాలి.
- కంపెనీ లోగో వచ్చాక "బూట్ డివైస్ దొరకలేదు" అంటోందా? బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల స్క్రీన్) హార్డ్‌డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే డిస్కో, కేబులో పోయింది.
- హార్డ్‌డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుంటోందా? ఇక దాన్ని పదేపదే ఆన్ చేయకండి.
- విండోస్ గుర్తు వచ్చి, చుక్కలు తిరిగి, అక్కడ ఆగిపోవడమో, బ్లూ స్క్రీన్ రావడమో, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ కావడమో జరుగుతోందా? అప్పుడు డ్రైవర్‌ను అనుమానించొచ్చు. కొత్త విండోస్ 11లో ఈ బ్లూ స్క్రీన్ నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

తర్వాత సిస్టం పూర్తిగా ఆపి, కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేయండి: ప్రింటర్, వేలిముద్రల మిషన్, సాఫ్ట్‌వేర్ లాక్ డాంగిల్, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్. ఆపైన ఆన్ చేయండి. చాలా డ్రైవర్లు తమ పరికరం తగిలించి ఉన్నప్పుడే లోడ్ అవుతాయి. పరికరం లేకపోతే సిస్టం బుద్ధిగా లేవొచ్చు. లేచిందంటే దొంగ దొరికినట్టే, నేరుగా 5వ అంచెకు వెళ్లండి.

పాత డెస్క్‌టాప్‌లలో ఇంకో మాయ ఉంది. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా బయాస్ సెట్టింగులు మొదటికొస్తాయి. దాంతో డిస్కును నడిపే మోడ్ మారిపోయి, "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని బ్లూ స్క్రీన్ వస్తుంది. చూడ్డానికి అచ్చం డ్రైవర్ చెడినట్టే ఉంటుంది. బయాస్‌లో తేదీ ఏళ్ల వెనక్కి చూపిస్తుంటే సెల్ మార్చి, సాటా మోడ్‌ను ముందున్నట్టు పెట్టండి. ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని రెండు కనిపిస్తే ఒకటి పెట్టి చూసి, కాకపోతే రెండోది. ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్‌తోనూ ఇదే తంటా.

## 2. చేతిలో పెట్టుకోవాల్సినవి

- బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. ఇది 48 అంకెలు ఉంటుంది.
- విండోస్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్. సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) పిన్ పని చేయకపోవచ్చు.
- కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి ఉంచుకోండి. అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి.
- ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఇంకో పెన్‌డ్రైవో, ఎక్స్‌టర్నల్ డిస్కో.
- ల్యాప్‌టాప్ అయితే చార్జర్, డెస్క్‌టాప్ అయితే పనిచేసే యూపీఎస్. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటును నమ్ముకుని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు) చేయి పెట్టకండి.
- కాగితం, పెన్ను, ఫోన్ కెమెరా. మార్చే ముందు ప్రతి స్క్రీన్‌నూ ఫొటో తీయండి.

మొదటిదాని గురించి నాలుగు మాటలు. "నేను బిట్‌లాకర్ పెట్టలేదు" అనేవాళ్లే ఎక్కువ. ఈమధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే లాక్ అయి ఉండొచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్ బ్రౌజర్‌లో లాగిన్ అయి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ కింద రికవరీ కీ చూడండి. ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపు కుర్రాడు తన మెయిల్‌తో సెట్ చేసి ఇచ్చి ఉంటే కీ ఆ అకౌంట్‌కు పోయి ఉంటుంది, అతన్నే పట్టుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లను అడగండి.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి వికటించి ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు పడుకున్నప్పుడు, చేయాల్సిందల్లా సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయడమే. అయినా చాలా ఆఫీసుల్లో పని నత్తనడక నడిచింది. మిషన్ మిషన్‌కూ ఈ 48 అంకెలు వెతకాల్సి రావడం దానికొక పెద్ద కారణం.

## 3. రికవరీ స్క్రీన్‌లోకి వెళ్లడం

విండోస్ లేవకపోయినా దాని పక్కనే చిన్న మరమ్మతు గది ఒకటి ఉంటుంది. అందులోకి వెళ్లే దారి ఇదీ:

1. సిస్టం ఆన్ చేయండి. విండోస్ గుర్తు కనిపించి చుక్కలు తిరగగానే పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా నొక్కి పట్టండి, సుమారు 10 సెకన్లు.
2. అదే ఇంకోసారి చేయండి.
3. మూడోసారి వదిలేయండి. "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది.
4. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కి, ట్రబుల్‌షూట్, ఆ లోపల మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లండి.

స్క్రీన్ మీద అప్‌డేట్ శాతం నడుస్తుంటే మాత్రం బటన్ నొక్కకండి. ఒకే అంకె దగ్గర గంటసేపు ఉన్నా డిస్క్ లైటు మిణుకుతోందంటే అది ఇంకా పని చేస్తోందని అర్థం.

మూడోసారికీ రాకపోతే పెన్‌డ్రైవ్ నుంచి వెళ్లాలి. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ కొట్టండి: డెల్, లెనోవో అయితే సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీ అయితే ఎఫ్ 9, ఆసుస్ ల్యాప్‌టాప్ అయితే ఎస్కేప్. పెన్‌డ్రైవ్ ఎంచుకుని భాష దాటాక "రిపేర్ యువర్ కంప్యూటర్" లేదా "రిపేర్ మై పీసీ" అని ఉన్నదాన్నే నొక్కండి. ఇక్కడ తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కి, పార్టిషన్లు డిలీట్ చేసేసి, "డి డ్రైవ్ కూడా పోయింది సార్" అని వచ్చినవాళ్లున్నారు.

ఇక్కడికి వచ్చారు కాబట్టి ముందు ఫైళ్లు కాపాడుకోండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్. కింద ఫైళ్ల రకాన్ని "ఆల్ ఫైల్స్" అని మార్చండి. ఇప్పుడు ఈ చిన్న కిటికీయే మీ ఎక్స్‌ప్లోరర్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి వెళ్లి పేస్ట్. ఎంత అయిందో చూపించదు, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఓపిక పట్టండి.

అదే కిటికీలో ఇంకో ముఖ్యమైన విషయం తెలుస్తుంది. ఏ డ్రైవ్‌లో విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఉన్నాయో చూసి ఆ అక్షరం రాసుకోండి. మామూలుగా సి అయినది ఇక్కడ డి కావొచ్చు, ఇ కావొచ్చు. ఎక్స్ అని కనిపించేది మరమ్మతు గది సొంత డ్రైవ్. అందులో ఏం తీసేసినా మీ సిస్టంకు లాభం లేదు, నష్టమూ లేదు.

## 4. చేయి పెట్టకుండా అయ్యే పనులు

ఈ వరసలోనే, ఒక్కొక్కటి ఒక్కసారే:

- స్టార్టప్ రిపేర్. ఒక్కసారి చాలు. అది కుదరదంటే పదిసార్లు చేసినా అదే మాట.
- అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. అప్‌డేట్ తర్వాతే ఆగిపోయిందని గట్టిగా తెలిస్తేనే.
- సిస్టం రిస్టోర్. డ్రైవర్ వేయకముందు తేదీతో పాయింట్ ఉంటే అదృష్టమే. ఫొటోలు, డాక్యుమెంట్ల జోలికి అది పోదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

రీసెట్ దిస్ పీసీ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. "కీప్ మై ఫైల్స్" ఎంచుకున్నా ఫైళ్లు మిగులుతాయేమో గానీ మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఫార్మాట్‌కు అది అన్నదమ్ముడే.

## 5. సేఫ్ మోడ్‌లో తీసేయడం

ఎక్కువ కేసులు ఇక్కడే తెమిలిపోతాయి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. ఒక జాబితా వస్తుంది. 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో సేఫ్ మోడ్. నేను 4తోనే మొదలుపెడతాను, నెట్‌వర్క్ డ్రైవరే దొంగ అయితే 5లో మళ్లీ ఆగిపోతుంది కాబట్టి.

పెన్‌డ్రైవ్ నుంచి వచ్చినవాళ్లకు ఈ స్టార్టప్ సెట్టింగ్స్ కనిపించకపోవచ్చు. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా కొట్టండి: బి సి డి ఎడిట్ (కలిపి ఒకే మాట), స్పేస్, స్లాష్ సెట్, స్పేస్, ఫ్లవర్ బ్రాకెట్లలో డిఫాల్ట్, స్పేస్, సేఫ్‌బూట్ (ఒకే మాట), స్పేస్, మినిమల్. తర్వాత రీస్టార్ట్. పని అయ్యాక దీన్ని తీసేయాలని కాగితం మీద రాసుకోండి, లేకపోతే సిస్టం ఎప్పుడూ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది.

ఏది దొంగ?

తీసే ముందు పట్టుకోవాలి. ఈ నాలుగు చోట్ల వెతకండి:

- బ్లూ స్క్రీన్ అడుగున "వాట్ ఫెయిల్డ్" అని, పక్కన డాట్ ఎస్‌వైఎస్‌తో ముగిసే ఫైలు పేరు ఉంటే ఫొటో తీయండి. ఎన్‌వీ అని మొదలైతే తరచుగా ఎన్‌విడియా గ్రాఫిక్స్, ఐజీడీకేఎండీ అని ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్. "వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్" వచ్చినా గ్రాఫిక్స్ వైపే చూడాలి.
- విండోస్ ఫోల్డర్‌లో ఐఎన్ఎఫ్ ఫోల్డర్, అందులో సెటప్‌ఏపీఐ డాట్ డెవ్ డాట్ లాగ్. ఏ డ్రైవర్ ఏ రోజు, ఏ నిమిషంలో ఎక్కిందో ఇందులో రాసి ఉంటుంది. చివరి నుంచి పైకి చదవండి. "ఏం మార్చలేదన్నా" అన్నవాళ్లకు నేను చూపించేది ఈ ఫైలే.
- కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ అయిన తేదీ వరసలో పెట్టి చూడటం.
- స్టార్టప్ సెట్టింగ్స్‌లో 2 నొక్కితే విండోస్ ఫోల్డర్‌లో ఎన్‌టీబీటీలాగ్ అనే ఫైలు తయారవుతుంది. లోడ్ అయినవి, కానివి అందులో పడతాయి. "లోడ్ కాలేదు" అని ఉన్నవన్నీ చెడ్డవని కాదు, బాగున్న సిస్టంలోనూ అలాంటి వరసలుంటాయి.

బ్లూ స్క్రీన్‌లో ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అని ఉంటే అది విండోస్ కెర్నలే, అంటే మొదట్లో చెప్పిన ఆ గుండెకాయే. శవం దొరికిన ఇంటివాడే హంతకుడు కావాలని లేదు కదా. దాన్ని తీసేయాలని చూడకండి, పై ఆధారాలు వెతకండి.

తీసే వరస

1. డ్రైవర్‌తోపాటు ప్రోగ్రాం కూడా వచ్చి ఉంటే ముందు కంట్రోల్ ప్యానెల్ నుంచి ప్రోగ్రాంను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ అందుబాటులో లేదని అంటే మీ తప్పు కాదు, సేఫ్ మోడ్‌లో అది మామూలుగా నడవదు. తర్వాతి మెట్టుకు వెళ్లండి.
2. డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూలో "షో హిడెన్ డివైసెస్" పెట్టండి. పీకేసిన పరికరాలు కూడా లేత రంగులో కనిపిస్తాయి.
3. అనుమానం ఉన్న పరికరం మీద డబుల్ క్లిక్ చేసి డ్రైవర్ ట్యాబ్‌కు వెళ్లండి. "రోల్ బ్యాక్ డ్రైవర్" వెలుగుతుంటే అదే వాడండి, ముందున్న డ్రైవర్ తిరిగి వస్తుంది.
4. అది వెలగకపోతే అన్‌ఇన్‌స్టాల్ డివైస్. వచ్చే చిన్న పెట్టెలో డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడిలో టిక్ పెట్టండి.
5. మామూలుగా రీస్టార్ట్ చేయండి.

నాలుగో మెట్టులోని ఆ టిక్ మర్చిపోవడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. టిక్ పెట్టకపోతే పరికరం పోతుంది గానీ డ్రైవర్ విండోస్ గోదాంలో అలాగే ఉంటుంది. రీస్టార్ట్ కాగానే "కొత్త పరికరం దొరికింది" అంటూ విండోస్ అదే డ్రైవర్‌ను మళ్లీ ఎక్కిస్తుంది. మీరేమో తీసినా పోలేదు అనుకుంటారు.

పసుపు గుర్తు ఉన్నదాన్నల్లా తీసేయడం ఇంకో తప్పు. సేఫ్ మోడ్‌లో సగం పరికరాలు పని చేయకపోవడం సహజం. ఇక యాంటీవైరస్ అయితే ఆ కంపెనీ తమ సైట్‌లో విడిగా ఇచ్చే రిమూవల్ టూల్ వాడండి. మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత కూడా వాటి వేర్లు మిగిలిపోతుంటాయి.

## 6. సేఫ్ మోడ్ కూడా రాకపోతే

మళ్లీ మరమ్మతు గదిలో కమాండ్ ప్రాంప్ట్. మీ విండోస్ డ్రైవ్ అక్షరం డి అనుకుందాం.

జాబితా కోసం: డి ఐ ఎస్ ఎం (ఒకే మాట), స్పేస్, స్లాష్ ఇమేజ్ కోలన్ డి కోలన్ బ్యాక్‌స్లాష్, స్పేస్, స్లాష్ గెట్ హైఫన్ డ్రైవర్స్, స్పేస్, స్లాష్ ఫార్మాట్ కోలన్ టేబుల్. ఇక్కడ ఫార్మాట్ అంటే జాబితాను పట్టికలా చూపించమని, డిస్కును చెరిపేయమని కాదు. ఈ మాట చూసి భయపడి ఫోన్ పెట్టేసినాయన ఒకరున్నారు.

విండోస్‌తోపాటు వచ్చినవి ఇందులో రావు, బయటి నుంచి వచ్చినవే వస్తాయి. ప్రతిదానికీ ఓఈఎం, ఒక అంకె, డాట్ ఐఎన్ఎఫ్ అనే పేరుంటుంది. పక్కనే అసలు ఫైలు పేరు, రకం, కంపెనీ, తేదీ. ఆ తేదీ డ్రైవర్ తయారైనది, మీరు వేసినది కాదు. అందుకని కంపెనీ పేరు, అసలు ఫైలు పేరు చూసి గుర్తుపట్టండి. ఫొటో తీయండి.

తీయడానికి: డి ఐ ఎస్ ఎం, స్పేస్, స్లాష్ ఇమేజ్ కోలన్ డి కోలన్ బ్యాక్‌స్లాష్, స్పేస్, స్లాష్ రిమూవ్ హైఫన్ డ్రైవర్, స్పేస్, స్లాష్ డ్రైవర్ కోలన్ ఓఈఎం 12 డాట్ ఐఎన్ఎఫ్. 12 స్థానంలో మీకు కావాల్సిన అంకె.

ఒకటి తీసి రీస్టార్ట్ చేయండి. కాకపోతే ఇంకొకటి. ఐదారు కలిపి తీసేస్తే ఏది దొంగో ఎప్పటికీ తెలియదు, రేపు అదే మళ్లీ ఎక్కిస్తారు. రకం దగ్గర స్కజీ అడాప్టర్ అనో, హెచ్‌డీసీ అనో ఉంటే చేయి వెనక్కి తీసుకోండి. అవి డిస్కును నడిపేవి. సిస్టం అని ఉన్నవాటిని చివరికి ఉంచండి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఇలా అయితే డ్రైవర్ కంటే ముందు ఇది ప్రయత్నించండి: అదే డి ఐ ఎస్ ఎం, అదే ఇమేజ్ మాట, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్ (ఒకే మాట). సగంలో ఆగిన పనులను అది వెనక్కి తిప్పుతుంది.

## 7. అప్పటికీ లొంగకపోతే: రిజిస్ట్రీలో నిద్రపుచ్చడం

ఇది ఓపిక ఉన్నవాళ్లకే. యాంటీవైరస్, డిస్క్ ఎన్‌క్రిప్షన్, కొన్ని లాక్ డాంగిళ్లు, ఆటల్లో మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్లు సొంత పరికరం లేకుండానే డ్రైవర్ వేస్తాయి. అవి ఏదో ఒక పరికరానికీ విండోస్‌కీ మధ్య ఫిల్టర్‌లా కూర్చుంటాయి. డివైస్ మేనేజర్‌లో సులువుగా దొరకవు.

చాలామంది చెప్పే చిట్కా: సిస్టం 32 లోపల డ్రైవర్స్ ఫోల్డర్‌కు వెళ్లి ఆ ఫైలు పేరు మార్చేయడం. నేనూ అదే చేసేవాణ్ని. ధర్మవరం నుంచి చీరల డిజైన్లు వేసే ఒకాయన సిస్టం వచ్చినప్పుడు అలాగే పేరు మార్చి రీస్టార్ట్ కొట్టాను. అప్పటిదాకా చుక్కలు తిరిగి ఆగిపోయేది, ఆ తర్వాత ఏకంగా ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. ఆ డ్రైవర్ డిస్కుకు ఫిల్టర్‌గా నమోదై ఉంది. ఫైలు మాయమయ్యేసరికి డిస్కే పనిచేయడం మానేసింది. మగ్గం మీద చీర ఆగిపోయి ఉంటే ఆయన టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పాలా? పేరు మళ్లీ మామూలుగా పెట్టి, ఈ కింది పద్ధతిలో తీశాను.

1. రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో రెజ్‌ఎడిట్ అని కొట్టండి.
2. హెచ్‌కీ లోకల్ మెషిన్ మీద ఒకసారి క్లిక్ చేసి ఫైల్, లోడ్ హైవ్ (హైవ్ అంటే రిజిస్ట్రీ ఫైలు). మీ విండోస్ డ్రైవ్‌లో విండోస్, సిస్టం 32, కాన్ఫిగ్, అక్కడ సిస్టం అనే ఫైలు. పేరు అడిగితే ఓల్డ్ అని ఇవ్వండి.
3. పై మెట్టులో లోడ్ చేయకముందే ఆ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టం ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంటే ఇంకా మంచిది. విండోస్ పాతకాలంలో రెజ్‌బ్యాక్ ఫోల్డర్‌లో తనే ఒక కాపీ దాచేది. విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి మామూలుగా దాచడం లేదు. దాన్ని నమ్ముకోకండి.
4. ఓల్డ్ తెరిచి, సెలెక్ట్ అనే దాంట్లో కరెంట్ విలువ చూడండి. 1 ఉంటే కంట్రోల్‌సెట్001లో పని చేయాలి.
5. అందులో కంట్రోల్, క్లాస్. దాని మీద నిలబడి ఎఫ్ 3 నొక్కి మీ డ్రైవర్ పేరు వెతకండి. అప్పర్‌ఫిల్టర్స్ లేదా లోయర్‌ఫిల్టర్స్ అనే చోట దొరికితే తెరిచి, ఆ ఒక్క వరసనే తీసేయండి.
6. ఇప్పుడు సర్వీసెస్ కింద అదే డ్రైవర్ పేరుకు వెళ్లి, స్టార్ట్ విలువ రాసుకుని, 4 చేయండి. 4 అంటే నిద్ర. 0 అంటే అన్నిటికంటే ముందు లోడ్ కావాలని.
7. ఓల్డ్ మీద క్లిక్ చేసి ఫైల్, అన్‌లోడ్ హైవ్. మూసేసి రీస్టార్ట్.

5వ మెట్టులో వరస తీయమన్నాను, మొత్తం అప్పర్‌ఫిల్టర్స్‌నే డిలీట్ చేయమనలేదు. కీబోర్డు దగ్గర కేబీడీక్లాస్, డిస్క్ దగ్గర పార్ట్‌ఎంజీఆర్, వాల్యూమ్ దగ్గర వోల్‌స్నాప్ అనే విండోస్ సొంత వరసలుంటాయి. కీబోర్డుది పోతే లాగిన్ స్క్రీన్ వస్తుంది, పాస్‌వర్డ్ మాత్రం కొట్టలేరు.

ఫైళ్లను గమనించే యాంటీవైరస్ ఫిల్టర్లు చాలావరకు ఈ జాబితాల్లో ఉండవు. వాటికి స్టార్ట్ 4 ఒక్కటే చాలు.

## 8. మ్యాక్ వాడేవాళ్లకు

మ్యాక్‌లో ఇలాంటివాటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు, ఫైలు చివర కెక్స్ట్ అని ఉంటుంది. ఇంటెల్ మ్యాక్ అయితే షిఫ్ట్ పట్టి ఆన్ చేయండి. ఎం సిరీస్ అయితే ఆప్షన్లు వచ్చేదాకా పవర్ బటన్ పట్టి, డిస్క్ ఎంచుకుని, షిఫ్ట్ పట్టి "కంటిన్యూ ఇన్ సేఫ్ మోడ్" నొక్కండి. సేఫ్ మోడ్‌లో బయటి ఎక్స్‌టెన్షన్లు లోడ్ కావు. లేచాక ఆ సాఫ్ట్‌వేర్ సొంత అన్‌ఇన్‌స్టాలర్ నడపండి. అది లేకపోతే డిస్క్ మొదట్లో ఉండే లైబ్రరీలో ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ నుంచి ఆ ఒక్క కెక్స్ట్‌ను బయటికి తీసి రీస్టార్ట్ చేయండి. సిస్టం ఫోల్డర్ లోపల ఉన్న ఎక్స్‌టెన్షన్స్ యాపిల్‌వి, వాటి జోలికి వద్దు.

## 9. లేచాక వెంటనే చేయాల్సినవి

- సేఫ్‌బూట్ కమాండ్ వాడి ఉంటే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ తీసేయండి.
- మొదటి పని బ్యాకప్. రెండోది కూడా బ్యాకప్పే.
- సిస్టం ప్రొటెక్షన్ ఆన్ చేసి రిస్టోర్ పాయింట్ పెట్టండి. చాలా సిస్టంలలో ఇది ఆఫ్‌లో ఉంటుంది.
- విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ చూడండి. మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ చేయబోతే పొసగని పాత డ్రైవర్లు ఉంటే వాటి పేర్లు అక్కడే చూపిస్తుంది.
- కొత్త డ్రైవర్‌ను పరికరం తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి, మోడల్ నంబరు సరిచూసి, మీ విండోస్‌కు సరిపోయేదే తీసుకోండి. అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌లో వేస్తామనే సాఫ్ట్‌వేర్లు వద్దు. ఈ సమస్యతో వచ్చిన సిస్టంలలో అలాంటిది ఒకటి కనిపించడం నాకు అలవాటైపోయింది.

పీకేసిన యూఎస్‌బీ పరికరాలను అన్నిటినీ ఒకేసారి తగిలించకండి. ఒకటి పెట్టండి, పని చేయించి చూడండి, ఒకసారి రీస్టార్ట్ చేయండి, తర్వాతే రెండోది. అనుమానం ఉన్నది ఆఖరున.

ఇవన్నీ చేసినా లేవకపోతే, లేదా బిట్‌లాకర్ కీ దొరక్కపోతే, అక్కడితో ఆపండి. కీ లేని డిస్కును విప్పి ఇంకో సిస్టంకు తగిలించినా ఫైళ్లు తెరుచుకోవు, ఏ షాపువాడూ తీయలేడు. కీ ఉంటే మాత్రం డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఆ 48 అంకెలు కొట్టి ఫైళ్లన్నీ కాపీ చేసుకోవచ్చు. ఆ పని పూర్తయి, ఫైళ్లు రెండో చోట తెరిచి చూసుకున్నాక, అప్పుడు కొట్టండి ఫార్మాట్.